కుంగని బండి

పికప్ డ్రైవరు పర్వతాలు బండి కుంగదని మేడ్చల్‌లో అందరికీ తెలుసు. ఎందుకు కుంగదో మాత్రం పర్వతాలుకూ, సూరారంలో దానికి పని చేసిన మిస్త్రీకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

పికప్ నడిపేవాళ్లందరికీ అప్పట్లో ఒకటే కొలత. వెనక టైరుకూ దాని పైనున్న మడ్‌గార్డుకూ మధ్య చెయ్యి అడ్డంగా పెట్టి చూసేవారు. నాలుగు వేళ్లు దూరితే ఇంకొంచెం ఎక్కించవచ్చు. దూరకపోతే బండి కుంగింది, ఇక చాలు అని అర్థం. ఎంత బరువు ఎక్కించవచ్చో తలుపు లోపల రేకు మీద కంపెనీవాళ్లు అంకెలు కొట్టి పంపేవారు కానీ వాటిని చదివిన పాపాన ఎవడూ పోలేదు. అది కంపెనీ భయం, మనకేమిటి అనుకునేవారు. పర్వతాలు బండికి ఆ అంకెలు కూడా కనిపించవు. పాత బండి కొని రంగు వేయించినప్పుడు రేకు మీద కూడా ఆకుపచ్చ రంగు పూసేశారు.

కొంపల్లిలో విల్లాలు, దూలపల్లిలో ఫ్లాట్లు లేవడం మొదలయ్యాక షాబాదు బండలకూ సిమెంటు ఇటుకలకూ గిరాకీ పెరిగింది. అందరూ రెండు ట్రిప్పుల్లో తోలే సరుకును పర్వతాలు ఒక్క ట్రిప్పులో తోలాలనుకున్నాడు. సూరారం వెళ్లి, రాఘవేందర్ అనే మిస్త్రీ చేత వెనక కమాన్‌కట్టల్లో, అంటే బండి ఒంటిని మోసే వంపు ఉక్కుపట్టీల్లో, అటూ ఇటూ అదనంగా పట్టీలు వేయించాడు. పక్కలకు ఎత్తుగా ఇనుప జాలీ కూడా కట్టించాడు. జాలీ అందరికీ కనిపించేదే. పట్టీల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే మర్నాటికి మేడ్చల్ అంతా సూరారంలో ఉంటుంది.

"దమ్మున్న బండి. కావాల్నంటే చెయ్యి వెట్టి చూడు" అనేవాడు అడిగినవాళ్లతో. నిండా బండలున్నా నాలుగు వేళ్లూ సుఖంగా దూరేవి. ఇంట్లో కూడా అదే మాట చెప్పాడు. చెప్పగా చెప్పగా తనే నమ్మాడు. మనిషికి తన అబద్ధం మీద ఉన్నంత నమ్మకం ఎదుటివాడి నిజం మీద ఉండదు. అదనపు పట్టీలు బండిని కుంగనివ్వవు, అంతే. బ్రేకులు పాతవే, ఇరుసు పాతదే, టైర్లు పాతవే. కుంగడమన్నది బండి పెట్టే మొర అనీ, తను బండి నోరు కట్టేశాడనీ పర్వతాలుకు తట్టలేదు.

గుర్తులు కనిపించకపోలేదు. సరుకు ఎక్కువైన రోజున స్టీరింగ్ మరీ తేలిగ్గా, చిటికెన వేలితో తిప్పేటట్టు తిరిగేది. వెనక బరువు ఎక్కువై ముందు చక్రాలు నేలను సరిగ్గా పట్టడం లేదని అనుకోవలసింది పోయి, బండి మాట వింటోందని మురిసిపోయాడు. ఒకసారి వానాకాలంలో దూలపల్లి దగ్గర బర్రె అడ్డొస్తే బ్రేకు తొక్కాడు. ఆగవలసిన చోట ఆగలేదు. బర్రెకు బుద్ధుండి పక్కకు తప్పుకుంది. పర్వతాలు బ్రేకు లైనర్లు మార్పించి ఆ సంగతి మరిచిపోయాడు.

రెండువేల నాలుగు మాఘమాసంలో సమ్మక్క సారక్క జాతర వచ్చింది. పర్వతాలు ఇంట్లో పాత మొక్కు ఒకటి ఉంది. అతని కూతురు అశ్రితకు మూడేళ్లప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. డాక్టర్లు పెదవి విరిచారు. పర్వతాలు తల్లి ఐలమ్మ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, పిల్ల బతికితే నిలువెత్తు బంగారం ఇస్తానని తల్లులకు మొక్కుకుంది. మేడారం తల్లులకు బెల్లమే బంగారం. మనిషిని తరాజులో కూర్చోబెట్టి, అంతకంత బెల్లం తూచి గద్దెల దగ్గర పెడతారు. పిల్ల బతికింది. ఇప్పుడు ఏడేళ్లది, ఇల్లు పీకి పందిరి వేస్తోంది.

ఆ మొక్కుకు ఐలమ్మ అత్తగారి కాలం నుంచి వస్తున్న కట్టుబాటు ఒకటి ఉంది. తూచిన బంగారం ఒకసారి బండెక్కితే గద్దె దగ్గరే దిగాలి. దారిలో దించకూడదు. ఎంత మోస్తున్నా బరువు అన్న మాట నోట రాకూడదు. తల్లికి ఇచ్చేదాన్ని బరువు అంటే, తల్లి ఇచ్చిన ప్రాణం కూడా బరువే అన్నట్టని ఐలమ్మ నమ్మకం.

ఒక్క పిల్ల మొక్కయితే ఏ గొడవా ఉండేది కాదు. పర్వతాలు అన్న జనార్ధన్ శామీర్‌పేటలో ఉంటాడు. పొలం అమ్మి, ప్లాట్ల వ్యాపారంలో దిగి, ఇప్పుడు సర్పంచ్ కుర్చీ మీద కన్నేశాడు. "ఎట్లైనా బండి వోతాంది గద తమ్మీ, నాది మీ వదినెది గూడ మొక్కు తీరిపోతది" అన్నాడు. అన్న వస్తే అన్న బావమరుదులు వస్తారు, వాళ్ల పిల్లలు వస్తారు, డప్పులవాళ్లు వస్తారు. పర్వతాలు కాదనలేదు. దమ్మున్న బండి అని తనే కదా చాటింపు వేసుకున్నాడు.

బయలుదేరే ముందురోజు శామీర్‌పేటలో కట్టెల అడితి దగ్గర తూకం పెట్టారు. దూలానికి వేలాడే పెద్ద తరాజుకు పసుపు పూసి, వేపాకు కట్టారు. ముందు అశ్రితను కూర్చోబెట్టారు. ఎదుటి పళ్లెంలో నాలుగు ముద్దలు పడగానే పిల్ల గాల్లోకి లేచింది, కిలకిలా నవ్వింది. ఆ బెల్లాన్ని కొత్త గుడ్డలో మూటకట్టి పర్వతాలు భార్య పద్మలత చేతికిచ్చారు. ఆమె దాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

తర్వాత జనార్ధన్ కూర్చున్నాడు. బెల్లం వేస్తున్నారు, వేస్తున్నారు, పళ్లెం కదలదు. "ఇంకో బస్తా ఇప్పుండ్రి, మా బావకు గింతల ఏమైతది" అని అతని బావమరిది శ్రీకాంత్ అన్నాడు. అందరూ నవ్వారు. జనార్ధన్ కూడా పొట్ట నిమురుకుని నవ్వాడు. చివరికి తరాజు ముల్లు నిలబడేసరికి ఎదుటి పళ్లెంలో బెల్లం గుట్టయింది.

పర్వతాలు మాత్రం నవ్వలేదు. ఆ బెల్లం గుట్టను చూస్తూ ఉండిపోయాడు. బెల్లం బస్తాలు ఎన్నోసార్లు తోలినవాడు, అది ఎంతుందో కంటితో చెప్పగలడు. దాదాపు క్వింటాలు. ఆ గుట్ట ఒకవైపు, అంతే ఉన్న అన్న మరోవైపు, ముల్లు నిట్టనిలువుగా నడుమ. ఇన్నేళ్లలో అతను బండల్ని లెక్కపెట్టాడు, ఇటుకల్ని లెక్కపెట్టాడు కానీ బండెక్కిన మనిషిని ఎన్నడూ లెక్కలో వేయలేదు. మనిషి సరుకేమిటి, మనిషి తన కాళ్ల మీద తను నిలబడతాడు కదా అనుకున్నాడు. ఇప్పుడు అడితి నిండా నిలబడి నవ్వుతున్న చుట్టాలను చూస్తుంటే ఒక్కొక్కరి చోట ఒక్కో బెల్లం గుట్ట కనిపించింది.

పొద్దు గుంకకముందే ఖాళీ బండిని తీసుకుని రోడ్డు మీది ధరమ్ కాంటాకు పోయాడు. లారీలను ఎక్కించి తూచే ఆ కాంటా మీదకు ఎప్పుడూ సరుకుతో పోవడమే తప్ప ఖాళీగా పోయింది లేదు. కాంటా దగ్గరి మనిషి తూకం చెప్పాడు. బండీ సరుకూ మనుషులూ అన్నీ కలిపి ఎంత దాటకూడదో ఆర్సీలో రాసి ఉంది. అందులోంచి ఖాళీ బండి తూకం తీసేస్తే మిగిలింది ఏడు క్వింటాళ్లు. పది మోస్తుందని చెప్పి అమ్మారు. ఆ ఇనుప జాలీ, ఆ పట్టీలు, సీటు వెనక పడేసిన జాకీలు, గొలుసులు కలిసి మూడు క్వింటాళ్లు ఎప్పుడో మింగేశాయి. బలం కోసం తగిలించిందంతా బరువే అయింది. ఇన్నాళ్లూ తను తోలింది దీనికి రెట్టింపు. నూరు గొడ్లను తిన్న రాబందు ఒక్క గాలివానకు చచ్చిందంటారు. ఆ గాలివాన ఇన్నాళ్లు రాకపోవడమే అతని అదృష్టం.

ఆ రాత్రి పద్మలత అన్నం వడ్డిస్తూ, "ఏంది, ముద్ద దిగుతలేదు?" అని అడిగింది.

"మనుషులు జర ఎక్కువైతున్నరు. ఇంకో బండి మాట్లాడితే మంచిగుంటది."

"జాతరకు గిప్పుడు బండి యాడ దొరుకుతది? బండలే మోసిన బండికి మనుషులెంత? ఊకే పరేషాన్ గాకు" అంది పద్మలత. అతను చెప్పిన అబద్ధాన్నే ఆమె అతనికి ధైర్యంగా తిరిగి వడ్డించింది. పొద్దున అన్నకే చెబుతాను అనుకుని పర్వతాలు చెయ్యి కడుక్కున్నాడు.

పొద్దున చెప్పే వీలే చిక్కలేదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట చేరేసరికి వాకిలి నిండా జనం. బెల్లం బస్తాలు ఎక్కాయి. బియ్యం, కట్టెలు, నీళ్ల డ్రమ్ము ఎక్కాయి. రెండు మేకపోతులు ఎక్కాయి. తర్వాత మనుషులు ఎక్కారు, ఒకరి ఒళ్లో ఒకరు, జాలీ పట్టుకుని కొందరు. పద్మలత పిల్ల మూటను ఒళ్లో పెట్టుకుని వెనక తలుపు దగ్గర కూర్చుంది. ఐలమ్మ మనవరాలితో ముందు సీట్లో కూర్చోబోతూ ఆగి, వెనక చక్రం దగ్గరికి వెళ్లింది. కొడుకు నేర్పిన విద్యే, ముసలి చెయ్యి అడ్డంగా పెట్టి చూసింది. నాలుగు వేళ్లూ దూరాయి.

"చూడుండ్రి" అంది ఐలమ్మ, చెంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "గింత మంది ఎక్కినా బండి కుంగలే. తల్లే మోస్తాంది."

ఒక్కొక్కరే దిగి వచ్చి వేళ్లు పెట్టి చూశారు. జనార్ధన్ పెట్టి చూసి చెంపలు వేసుకున్నాడు. ఐలమ్మ పసుపు తెచ్చి మడ్‌గార్డుకు పూసి దండం పెట్టింది. డప్పు మోగింది. పర్వతాలు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అది తల్లి మహిమ కాదు, సూరారం ఇనుము అని అతనికి తెలుసు. అమ్మ కళ్లలో నీళ్లు చూశాక ఆ మాట గొంతులోనే ఉండిపోయింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మెల్లగా పోతే ఏమీ కాదులే అని తనకు తను చెప్పుకుని తాళం తిప్పాడు.

కరీంనగర్ రోడ్డెక్కాక స్టీరింగ్ చేతికి తగల్లేదు. ఎప్పుడూ తేలిగ్గా తిరిగేదే కానీ ఇవాళ అది వేరు. ఇటు తిప్పితే బండి కాసేపు ఆలోచించి, తర్వాత ఇటు వస్తోంది. ఒళ్లంతా చెవులు చేసుకుని నడిపాడు. వెనక పాటలు, డప్పు. పక్కన ఐలమ్మ కళ్లు మూసుకుని తల్లులను తలచుకుంటోంది. అశ్రిత కిటికీలోంచి బస్సులకు చేతులూపుతోంది. అంతలో సందులోంచి ఒక స్కూటర్ రోడ్డు మీదికొచ్చింది. పర్వతాలు బ్రేకు తొక్కాడు. పెడలు నిలబడింది, చక్రాలు కీచుమన్నాయి, బండి మాత్రం తన దారిన తను పోయింది. స్కూటరువాడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మట్టిలోకి దిగిపోయాడు. వెనక ఉన్నవాళ్లు జై కొట్టారు.

ఇంకొంత దూరం పోతే రోడ్డు పొడుగ్గా కిందికి దిగుతుంది. దిగిన చోట మలుపు, మలుపులో సన్నటి కల్వర్టు. ఆ దిగుడు మొదట్లోనే పర్వతాలు బండిని అంచుకు తీసి, గేర్లు తగ్గించి తగ్గించి ఎలాగో ఆపాడు. దిగి వెనక్కి వచ్చాడు.

"అన్నా, సగం మంది దిగుండ్రి. బంగారం గూడ కొంత దించాలె. బరువెక్కువైంది."

డప్పు ఆగిపోయింది. ఐలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి కొడుకును చూసింది. "ఆ మాట అనొద్దని చెప్పిన గదరా" అంది. గట్టిగా కూడా అనలేదు.

జనార్ధన్ కిందికి దిగాడు. ముందు వెనక చక్రం దగ్గర వేళ్లు పెట్టి చూశాడు. "నాలుగు వేళ్లు దూర్తున్నయ్. నిన్నటి దాంక బండలు మోసిన బండి, తల్లికాడికి వొయ్యేటప్పుడే బరువైందా? బండికి ఏమైందో చెప్పు, అందర్ని దించుత."

న్యాయమైన మాటే. చెబితే అన్న దించేవాడు కూడా. పర్వతాలు నోరు తెరిచాడు. మడ్‌గార్డు మీద అమ్మ పూసిన పసుపు ఎండకు మెరుస్తోంది. రెండేళ్లుగా ఊరినీ, అన్ననూ, ఆలినీ నమ్మించిన మాట అబద్ధమని ఇందరి ముందు ఒప్పుకోవాలి. తల్లి మోస్తోందని ఏడ్చిన అమ్మ ముందు ఒప్పుకోవాలి. పట్టీలు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి, సిగ్గుపడి వెనక్కి పోయింది.

"బ్రేకు జర సరిగ పడ్తలేదే" అన్నాడు.

"బ్రేకు లైనర్లు వానకాలంలనే మార్పిచ్చినవ్ గద. నీకు బుగులైతాంది, గంతే. జరుగు, నేను నడుపుత. ట్రాక్టరు నడిపినోణ్ని, జీపు నడిపినోణ్ని, నాకు గీ దిగుడొక లెక్కనా" అని జనార్ధన్ డ్రైవరు సీట్లోకి ఎక్కాడు.

పర్వతాలు అటువైపు వెళ్లి తలుపు తీసి, అమ్మ ఒళ్లోంచి కూతుర్ని ఎత్తుకున్నాడు. "మేమిద్దరం ఎనక బస్సుల వస్తం. నువ్వు గూడ దిగమ్మా." ఐలమ్మ తల అడ్డంగా ఊపింది. మొక్కుకున్నది తను, నడిమధ్య దిగేది ఉండదు. ఆమె పిల్లనైనా ఇవ్వకపోయేదే కానీ, కొడుకు ముఖంలో ఏం చూసిందో, చేతులు వదిలింది.

అతను పిల్లతో వెనక తలుపు దగ్గరికి పరిగెత్తాడు. "పద్మా, దిగు. నా మాట ఇను."

పద్మలత ఒళ్లోని మూటను చూసుకుంది. "పిల్ల బంగారం నా ఒళ్లె ఉంది. దించొద్దు గద. నేనెట్ల దిగాలె?" అంది. ఆమెకు కోపం లేదు, భయం కూడా లేదు. అడగవలసిన మాటే అడిగింది. పిల్ల దిగింది, పిల్ల బరువు దిగలేదు. దానికి జవాబుగా చెప్పదగ్గది ఒక్కటే ఉంది, అది పర్వతాలు చెప్పలేదు.

"అన్నా, రెండో గేర్ల మెల్లగ దిగు" అని అరిచాడు. జనార్ధన్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. డప్పు మళ్లీ మొదలైంది. బండి కదిలింది.

కూతుర్ని చంకనెత్తుకుని పర్వతాలు రోడ్డు అంచున నిలబడ్డాడు. బండి వెనక భాగం ఎంత ఎత్తుగా, ఎంత నిటారుగా ఉందో అతను ఎప్పుడూ ఇలా దూరంగా నిలబడి చూడలేదు. చూసినవాళ్లెవరైనా అది సగం ఖాళీ అనుకుంటారు. వెనక కూర్చున్న పద్మలత ఒక చెయ్యి మూట మీద ఉంచి రెండో చెయ్యి పిల్లకు ఊపింది. అశ్రిత కూడా ఊపింది.

దిగుడులో బండి వేగం అందుకుంది. అప్పుడు పర్వతాలు పరిగెత్తడం మొదలుపెట్టాడు. "అన్నా, పట్టీలు. నేనే ఏపిచ్చిన, సూరారంల ఏపిచ్చిన. తల్లి మోస్తలేదే, ఇనుము మోస్తాంది. ఆపు" అని గొంతు చించుకున్నాడు. రెండేళ్లు దాచిన మాట ఇప్పుడు ఆగకుండా వచ్చింది. డప్పు మోతలో ఒక్క ముక్క కూడా ముందుకు పోలేదు. చంకలో పిల్ల ఎగిరెగిరి పడుతోంది. నాలుగు ముద్దల పిల్ల, ఆ నాలుగు ముద్దలే అతని ఊపిరి అందకుండా చేశాయి. ఆగిపోయాడు.

కింద మలుపు ముందు బండి వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. వెలిగి అలాగే ఉన్నాయి. డప్పు టక్కున ఆగింది. పద్మలత ఊపుతున్న చెయ్యి కూడా దించి, రెండు చేతులతో మూటను పట్టుకుంది.

"బాపూ" అంది అశ్రిత. "పెద్దబాపు బ్రేకు తొక్కిండు, లైటెలిగింది. మరి బండేంది ఆగుతలేదు?"

"బరువెక్కువైంది బిడ్డా" అన్నాడు పర్వతాలు. అని, నాలుగు వేళ్లూ అడ్డంగా పెట్టి పిల్ల కళ్లు మూశాడు.